గజం పెట్టి కొలిచి చూడమ్మా

అల్లిపురం, విశాఖపట్నం.

చిరంజీవి మాధవికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను, మీ అమ్మ క్షేమం. అక్కడ అమెరికాలో నువ్వు, శ్రీధర్, చింటూ క్షేమమని తలుస్తాను. తలుస్తాను అని రాయడం ఎందుకంటే, నువ్వు ఫోను చేసి రేపటికి ఇరవై మూడు రోజులవుతుంది. శొంఠిపొడి పొట్లం అందిందో లేదో కూడా తెలియలేదు.

మొన్న అనకాపల్లిలో మీ పెద్దత్తయ్య మనవరాలి ఓణీల వేడుకకు వెళ్ళాం. మీ ఇంట్లో రెండు రోజులుండి వచ్చిన మన బుజ్జిగాడు పదిమంది పంక్తిలో కూర్చుని, "మాధవొదిన వాళ్ళ హాల్లో గోడకి ఇంత పొడుగు తుపాకీ వేలాడుతోంది మావయ్యా" అని చేతులు చాచి మరీ చూపించాడు. నాకు గారె గొంతు దిగలేదు. మీ అమ్మ అప్పుడు వంటవాళ్ళ దగ్గర ఉంది కనుక వినలేదు. ఫోనులో అడిగితే పక్కనే ఉండి వింటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ అభిరుచి మీద నాకు కోపం లేదు. రెండేళ్ళ క్రితం బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో చేసిన పాత 303 రైఫిలు కొన్నానని ఫొటో పంపినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే. ఆ మోడలు రైఫిళ్ళను మీ తాతగారు ముప్పై ఏళ్ళు పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా విప్పి, తుడిచి, బిగించి, లెక్క రాసి పెట్టారు. పిడి మెడ దగ్గర కుడిపక్క కిరీటం, దాని కింద జార్జి రాజు గుర్తుగా జి.ఆర్.ఐ. అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉన్నాయా అని నేను అడిగితే, నీకెలా తెలుసు నాన్నా అన్నావు. కన్ను మూసుకుని బొటనవేలితో తడిమి ఆ గుర్తులు చదివే మనిషి కొడుకుని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఖైబరు కనుమ వైపు చేత్తో చేసిన నకళ్ళను ఆయన ఒక్క చూపులో పట్టేసేవారు. విక్టోరియా రాణి 1901లోనే పోతే, 1915 సంవత్సరంతో పాటు ఆవిడ గుర్తు వి.ఆర్. అని చెక్కి ఉంటుంది. ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. కొనేముందు ఈ రెండూ చూడడం మరచిపోకు.

బుజ్జిగాడు చెప్పినది మాత్రం ఇషాపూరుది కాదని నా అనుమానం. గొట్టానికి మూడు ఇనప పట్టీలు, పక్కన పెద్ద సుత్తి, దాని పలక మీద కిరీటమూ టవర్ అన్న మాటా ఉన్నాయన్నాడు. అయితే అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ అయివుండాలి. ముప్పై తొమ్మిది అంగుళాల గొట్టం, .577 అంగుళాల బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు. 1857లో సిపాయిలు పళ్ళతో కొరకనన్న కొవ్వు పూసిన తూటాలు దాని కోసం వచ్చినవే, ఆ తిరుగుబాటు తర్వాత దేశీ సైనికులకు లోపల గాడులు లేని నున్నటి గొట్టాల తుపాకులు ఇచ్చారు. నీది మీరట్ చూసిందని అమ్మినవాడు చెప్పివుంటే నమ్మకు. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలవారూ వాటిని లక్షల్లో తెప్పించుకున్నారు కనుక, అది ఒహాయో దాటి ఎటూ పోకపోయి ఉండవచ్చు. కాగితం లేని కథకు విలువ కట్టవద్దని నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

నా దిగులు కథ గురించి కాదు. అది మూతి నుంచి మందు దట్టించే తుపాకీ కావడం గురించి. 303 రైఫిలైతే బోల్టు వెనక్కి లాగి లోపలికి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. దీనికి అలా చూసే వీలు లేదు. నర్సీపట్నం సంగతి నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో గుర్తు లేదు, చెప్పినా మళ్ళీ చదువు.

1962 సంక్రాంతికి మేమందరం నర్సీపట్నంలో మీ నాయనమ్మ పుట్టింటికి వెళ్ళాం. వసారాలో దూలానికి రెండు మేకుల మీద పందుల కాపలాకు వాడిన పాత నాటు తుపాకీ ఒకటి ఉండేది. మా పెద్దమావయ్య పోయాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు, పిల్లలం తప్ప. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ధాన్యం బస్తా ఎక్కి దాన్ని దింపి, సుత్తి పైకి లాగి, కుక్క మీదా, అరుగు మీద కూర్చున్న మంగలి వీరయ్య మీదా, ఒకసారి మా చెల్లెలి మీదా గురిపెట్టి టక్కుమనిపించేవాళ్ళం. ఆ సుత్తిని మీ తాతగారు గుర్రం అనేవారు. భోగి మర్నాడు, అల్లుడుగారు వచ్చారు కదా, దీని తుప్పు వదలగొట్టండి అని మా అమ్మమ్మ అడిగింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముందుగా గజం, అంటే మందు దట్టించే కమ్మీ, తీసి మూతిలోంచి నెమ్మదిగా దింపారు. అది ఆగిన చోట మూతి అంచుకు సరిగ్గా సుద్దముక్కతో గీత పెట్టారు. గజాన్ని బయటికి తీసి, ఆ గీతను మూతికి ఆనించి, గొట్టం పక్కనే పొడుగునా పరిచారు. కొస గొట్టం వెనక, గుర్రం పడే చనుమొన దగ్గరకు రావాలి కదా, నాలుగు వేళ్ళ దూరంలోనే ఆగిపోయింది. ఆయన రెండోసారి కొలిచారు. మూడోసారి కొలవకుండా, "ఆడవాళ్ళూ పిల్లలూ పెరట్లోకి వెళ్ళండి" అన్నారు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు.

ముందు నిప్పురవ్వ పుట్టించే క్యాపు తొడిగే ఆ చనుమొనను మర తిప్పి ఊడదీశారు. తర్వాత గజం కొసకు మరమేకు బిగించి లాగితే కొబ్బరి పీచు ఉండ వచ్చింది. బోర్లిస్తే సీసపు గుళ్ళు గలగలమని పళ్ళెంలో పడ్డాయి. వాటి వెనక మందు గడ్డకట్టి ఉంది. నడిమి నుంచి చిటికెడు తీసి అరుగు రాయి మీద పోసి నిప్పుకణిక తాకిస్తే భుస్సుమని తెల్లటి పొగ చూరు దాకా లేచింది. అప్పుడు మీ నాయనమ్మ పెరట్లోంచే, "విశాఖపట్నం మీద జపానువాడు బాంబులేసినప్పుడు మనవాళ్ళంతా ఇక్కడికి పారిపోయి వచ్చారు కదా, ఆ వారంలో పెద్దన్నయ్య దట్టించి ఉంటాడు" అంది, పచ్చడి ఎప్పుడు పట్టిందో చెప్పినంత తేలిగ్గా. ఆ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఇరవై ఏళ్ళుగా ఆ మందు బతికే ఉంది. మేము అన్నిసార్లు టక్కుమనిపించినా పేలకపోవడానికి కారణం, చనుమొన మీద పావలా బిళ్ళకంటే చిన్న రాగి క్యాపు లేకపోవడం ఒక్కటే. మీ తాతగారు మిగిలిన మందు నీళ్ళు పోసి కడిగేసి, చేతులు కడుక్కుని, వచ్చి నన్ను ఒక్క లెంపకాయ కొట్టారు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే.

ఆ తుపాకీ కాగితాలేవని నువ్వు అడుగుతావు. లైసెన్సు పుస్తకం ట్రంకుపెట్టెలో ఉంది, తుపాకీ మాత్రం లేదు. ఒకసారి ఎన్నికల ముందు ఒక ఠాణాలో జమ చేస్తే మళ్ళీ రాలేదు. రసీదు ఉందని మీ తాతగారు నాలుగేళ్ళు తిరిగారు. ఆ విషయం ఇప్పుడు వద్దు.

1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ మీ దేశపు ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీయే కాదని నువ్వు చెప్పావు. నిజమే కావచ్చు, కానీ గొట్టంలో ఉన్న మందు ఆ చట్టం చదవలేదు. బాగా ఎండి ఉంటే నూరేళ్ళ మందు కూడా అంటుకుంటుంది. చింటూకు ఆరేళ్ళు. వాడు సోఫా ఎక్కగలడు.

ఉపదేశం చేయకూడదనుకుంటూనే చేస్తున్నాను, ఇంకొన్ని మాటలు విని ఊరుకో. గోడ మీద నుంచి దాన్ని దింపి తాళం ఉన్న బీరువాలో పెట్టు. ఇషాపూరు రైఫిలు బోల్టు విడిగా వేరే గదిలో పెట్టు, తాళంచెవి శ్రీధర్‌కు కూడా తెలిసేచోట పెట్టకు, అతను మరచిపోతాడు. తుప్పు కనబడిందని గరుకు కాగితంతో రుద్దకు, గుర్తులు పోతే నీ పరిశోధన కూడా పోతుంది. నూనె గుడ్డతో తుడిస్తే చాలు. ఇషాపూరుదాన్ని కాలుస్తున్నావా లేదా అని నేను అడగడం లేదు. కాలుస్తుంటే మాత్రం పాతకాలపు 303 తూటాల క్యాపులు కాలితే గొట్టంలో తుప్పు పట్టించే ఉప్పు మిగులుతుంది కనుక, ఆ రోజే గొట్టంలో మరిగే నీళ్ళు పొయ్యి. మీ తాతగారి పొడుగు కాడ గరాటు ఇప్పటికీ మన వంటింట్లో ఉంది, మీ అమ్మ దానితో నూనె వంపుతోంది. వేసవికి వచ్చేటప్పుడు సామానులో ఖాళీ తూటా ఒక్కటి కూడా, పిల్లవాడి బొమ్మల డబ్బాలో సహా, లేకుండా చూసుకో. ఇక్కడ విమానాశ్రయంలో అది దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, పైగా మన దేశంలో 303 నిషిద్ధ బోరు. వచ్చాక బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకువెళతాను. జపానువాళ్ళు వేసిన బాంబు తొడుగు అక్కడే ఉంది, చింటూకు చూపించవచ్చు.

ఇప్పుడు అసలు పని. ఇనప గజం వద్దు, సన్నటి చెక్క కర్ర తీసుకో. చింటూను శ్రీధర్ బయటికి తీసుకువెళ్ళాకే మొదలుపెట్టు. గుర్రాన్ని ముట్టుకోకు, మూతికి ఎదురుగా మొహం కానీ అరచేయి కానీ పెట్టకు, పక్కన నిలబడి కర్ర దింపు. గీత పెట్టి, బయటికి తీసి, పక్కన పరిచి చూడు. కొస చనుమొన దగ్గరి దాకా వస్తే మంచిది. రెండు మూడు అంగుళాలు తక్కువ పడితే ఇంకేమీ చేయకు, మీ తాతగారు చేశారు కదా అని మరమేకు వెతకకు. పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కు ముందుగా ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, అతను చెప్పినట్టు చెయ్యి.

కర్ర లోపలికి దిగింది ఎన్ని అంగుళాలో, బయట మూతి నుంచి చనుమొన దాకా ఎన్ని అంగుళాలో, రెండు అంకెలూ నాకు చెప్పాలి. రెండుసార్లు కొలువు. ఫోను మీ అమ్మ ఎత్తితే కిటికీ తెరల కొలతలని చెప్పు, నేను రాసుకుంటాను.

శొంఠిపొడి చింటూకు తేనెలో కలిపి ఇవ్వు, పాలలో వద్దు.

ఇట్లు,
నాన్న