మొదట ఏడవనివ్వండి, తర్వాతే స్తుతి

సంపాదకులకు,

గోదావరి పొంగి లంకల్లో చేలు మునిగినప్పుడల్లా పరామర్శకు వెళ్ళిన విశ్వాసులు ముందుగా అనే మాట "దేవుణ్ణి స్తుతించండి". కుళ్ళిన వరి దుబ్బు చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చున్న కౌలురైతుకు ఆ మాట గుచ్చుకుంటుంది. బైబిలు వరస అది కాదు. 13వ కీర్తన "ఎంతకాలం" అనే మొరతో మొదలై ఆరో వచనంలో పాటకు చేరుతుంది. హబక్కూకు ప్రవక్త కూడా అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు ఏవీ లేకపోయినా అంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టాకే ఆనందిస్తానన్నాడు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో పది నిమిషాలు చాలు. ముందు అప్పెంత, వాయిదా ఎప్పుడు అన్నది దాచకుండా దేవుడికి చెప్పుకోవాలి. తర్వాత ఆ రోజు జరిగిన మూడు మేళ్లు తేదీ వేసి నోటుబుక్కులో రాయాలి. "అంతా నీ కృప" అని రాస్తే రోజూ అదే వాక్యం అవుతుంది, వారం తిరక్కుండా అలవాటు పోతుంది. "పక్కింటివాళ్ళు పడవలో బియ్యం బస్తా తెచ్చారు, తడవలేదు" అని రాయండి. మూడు దొరకని రోజు ఒక్కటే రాయండి, కల్పించొద్దు. "వాళ్ళకన్నా మనం నయం" అనుకోవడం కృతజ్ఞత కాదు, ఎదుటివాడి కష్టంతో తెచ్చుకున్న ఊరట.

నిద్ర, తిండి మానేసి బతుకు మీద ఆశ వదిలేసినట్టు మాట్లాడేవారికి ఈ నోటుబుక్కు చాలదు. వెంటనే తోడుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

సంఘ పెద్దలకు ఒక మనవి: కోతల పండుగలో పంట పోయిన ఇళ్ళవాళ్ళు ఎంత కానుక ఇచ్చారో మైకులో చదవకండి.

– ఒక సంఘ సేవకుడు, కోనసీమ