ఆరు ఉండల లెక్క

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకునే ఉంటావు, క్షమించు. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ ఏదో ఒక పని వచ్చిపడింది. అందరం బాగున్నాం, చిన్నదానికి పరీక్షలు అయిపోయాయి, నా సీటు మూడో అంతస్తుకి మార్చారు. అంతే, ఇక అసలు సంగతి. ఇది ఇంకెవరికి చెప్పినా "ఓహో, అలాగా" అని ఊరుకుంటారు.

నాన్నకి బీపీ పెరిగిందని కిందటిసారి రాశాను కదా. డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు, కొవ్వున్న మాంసం తగ్గించమన్నారు. ముక్క లేనిదే ఆయనకి ముద్ద దిగదని నీకు తెలుసు. అందుకని ఆలోచించి ఆలోచించి టర్కీ మీట్‌బాల్స్, అదే టర్కీ కోడి ఖీమా ఉండలు, తెచ్చాను. ముందే వండి ఫ్రీజ్ చేసి అమ్ముతారే, అవి. వేడి చేసుకుంటే చాలు. టర్కీ అంటే కోడి లాంటిదే, కొవ్వుండదు, ప్రోటీన్ బోలెడు అనుకున్నాను. అట్టపెట్టె మీద కూడా "ప్రోటీన్ 14 గ్రాములు" అని ఇంతింత అక్షరాలు. ఇంక వెనక్కి తిప్పి చూడలేదు. మూడు వారాలు రోజూ రాత్రి ఆరేసి ఉండలు పెట్టాను. బల్ల మీద ఉప్పు డబ్బా కూడా తీసి దాచేశాను.

బీపీ దిగలేదు. పైది 150కి అటూ ఇటూ. మొన్న ఆదివారం రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టక లేచి, ఫ్రీజర్లోంచి ఆ పెట్టె తీసి, నాన్న కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు చదివాను.

చంటీ, ఆ పట్టిక మొత్తం మూడు ఉండలకేరా! మూడు ఉండలు, 85 గ్రాములు. కేలరీలు 160, కొవ్వు 9 గ్రాములు, పిండిపదార్థం 6, ప్రోటీన్ 14, సోడియం (ఉప్పులో బీపీ పెంచేది అదే) 520 మిల్లీగ్రాములు. నాన్న తినేది ఆరు. అంటే సోడియం 1040. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను ఒక్క పూటలో సగం పెట్టేశాను.

సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 1040 అంటే 2.6 గ్రాములు. తూకం తెచ్చి, నల్ల కాగితం మీద 2.6 గ్రాముల ఉప్పు పోశాను. అర చెంచా కంటే కాస్త తక్కువ. తెల్లగా, చిన్న కుప్ప. డబ్బా దాచిన చేత్తోనే రోజూ అంత ఉప్పు పెట్టానని తెలిసేసరికి కళ్లు చెమర్చాయి. పైగా నాన్న "చప్పగా ఉన్నాయిరా" అంటూ సాస్‌లో ముంచుకుని తినేవారు. సాస్ సీసాలో ఉప్పు ఎంతో అప్పటికి ఇంకా చూడలేదు.

చప్పగా ఎలా ఉన్నాయంటావా? రస్కు పొడి, సోయా ప్రోటీన్, నీళ్లు, వీటిలో కలిసిపోయిన ఉప్పు నాలుకకి పెద్దగా తెలియదు. ఇంకోటి, సోడియం అంతా ఉప్పు రూపంలోనే రాదు. మాంసం నీరు వదలకుండా సోడియం ఫాస్ఫేట్ కలుపుతారు, అదీ లెక్కలోకి వస్తుంది. వాడిన సరుకుల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. మన పెట్టెలో టర్కీ తర్వాత రెండో పేరు నీళ్లు.

కొవ్వు సంగతి విను. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, కాబట్టి 9 గ్రాములంటే 81. అంటే 160లో సగం కొవ్వు నుంచే. నేను అనుకున్నది రొమ్ము మాంసం. తోలు తీసి వండితే 100 గ్రాములకి 30 గ్రాముల దాకా ప్రోటీన్, రెండు గ్రాముల కొవ్వు ఉంటుంది. అట్ట మీద ఉన్నది వట్టి "టర్కీ". అంటే తొడ మాంసం, తోలు కూడా ఖీమాలో పడొచ్చు. తొడ మాంసాన్ని తీసిపారేయలేం, ఇనుము, జింకు అందులోనే ఎక్కువ. టర్కీలో బి12, సెలీనియం కూడా బాగా ఉంటాయి. ఆరు ఉండలకి 28 గ్రాముల ప్రోటీన్ అంటే నాన్న వయసులో చిన్న విషయం కాదు, కండ కరిగిపోకుండా ఉండాలంటే కావాలి. అందుకే మానేయడానికి మనసొప్పలేదు.

సోమవారం నేనే చేశాను. అర కిలో ఖీమా, పాలలో నానబెట్టిన ఒక బ్రెడ్ ముక్క, ఒక గుడ్డు, తురిమిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు, పావు చెంచా ఉప్పు. బ్రెడ్ నానకపోతే కొవ్వు తక్కువున్న ఖీమా పీచులా ఎండిపోతుంది, మొదటి వాయి అలాగే అయింది. ఇరవై ఉండలొచ్చాయి. మధ్యలో థర్మామీటర్ గుచ్చి 74 డిగ్రీల సెల్సియస్ వచ్చాకే ఓవెన్లోంచి తీశాను, టర్కీకి అది తప్పనిసరి. బ్రెడ్‌లో, గుడ్డులో, మాంసంలో సహజంగా ఉన్న సోడియం కలిపినా ఆరింటికి సుమారు 350 మిల్లీగ్రాములు. 1040 ఎక్కడ, ఇదెక్కడ!

నాన్న మొదటి ఉండ నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "మిరియాలు బాగా తగిలాయి," అన్నారు. సాస్ వైపు చెయ్యి కూడా చాచలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఇన్నాళ్లూ నచ్చకపోయినా తిన్నానురా, నువ్వు కష్టపడి తెస్తున్నావని," అన్నారు. నాకేం మాట్లాడాలో...

సరే, అది కలిసినప్పుడు చెబుతా. ఈ వారం బీపీ 142 ఒకసారి, 146 ఒకసారి. మందు కూడా నడుస్తోంది, ఇదంతా ఉండల మహిమేనని అనను. నువ్వు తెస్తావే, ఆ సాసేజ్ పెట్టె, దాని వెనక ఏముందో చూసి రాయి. ముందు ఎన్ని ముక్కలకి లెక్క కట్టారో చూడు. ఇంకా అత్తయ్య మోకాలి సంగతి అడగాలి, మీ వాడి

నాన్న లేచారు, భోజనానికి ముందు బీపీ చూడాలి. ఉంటాను.

నీ తూకంరాయి