గ్రిల్ పాడవలేదు, వైఫై అందడం లేదు

సంపాదకులకు నమస్కారం.

మే చివరి సోమవారం మెమోరియల్ డే. అమెరికాలో పెరటి గ్రిల్లుల మీది కవర్లు తీసేది అప్పుడే. ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ ఫోన్‌తో నడిచే పెల్లెట్ గ్రిల్లులు (కర్రపొట్టు గుళికలు మండించి వండే పొయ్యిలు) ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. చలికాలమంతా వాడని గ్రిల్ యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని కనబడగానే చాలామంది ఫ్యాక్టరీ రీసెట్‌కి దిగుతున్నారు. అది అన్నిటికన్నా ఆఖరున చేయాల్సిన పని. రీసెట్‌తో వైఫై వివరాలు, అకౌంటు లింకు చెరిగిపోతాయి. తప్పు రూటర్‌లో ఉంటే అది అలాగే ఉంటుంది, పైగా మళ్లీ మొదటి నుంచి జత చేసుకునే పని నెత్తిన పడుతుంది.

ముందు ఎక్కడ తెగిందో తేల్చుకోవాలి. చాలా మోడళ్లలో మనం గ్రిల్ పక్కనే నిలబడి బటన్ నొక్కినా, ఆ ఆదేశం ఫోన్ నుంచి కంపెనీ సర్వర్‌కి, అక్కణ్నుంచి ఇంటి రూటర్‌కి, రూటర్ నుంచి గ్రిల్‌కి వెళ్తుంది. కాబట్టి రూటర్ యాప్ తెరిచి, కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. గ్రిల్ తన పేరుతోనే కాకుండా, లోపలి చిప్ తయారుచేసిన ‘ఎస్ప్రెసిఫ్’ పేరుతో కూడా కనిపించవచ్చు. జాబితాలో లేకపోతే సమస్య గ్రిల్‌కీ రూటర్‌కీ మధ్య: సిగ్నల్, పాస్‌వర్డ్, లేదా కరెంటు. జాబితాలో ఉంటే ఫోన్ వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద యాప్ తెరవండి. అప్పుడు పనిచేస్తే గ్రిల్ బాగున్నట్టే. ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టుకున్న యాడ్ బ్లాకర్‌ను (ప్రకటనలను అడ్డుకునే ఏర్పాటు) అనుమానించాలి. డేటా మీదా పనిచేయకపోతే కంపెనీ సర్వర్ ఆగి ఉండవచ్చు. ఒక గంట ఓపిక పట్టడం రీసెట్ కన్నా మేలు.

కొత్త గ్రిల్ మొదటిసారి జత కాకపోవడానికి తరచూ కనబడే కారణం 5 గిగాహెర్ట్జ్. వైఫై సిగ్నల్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వస్తుంది. చాలా గ్రిల్లుల్లోని వైఫై చిప్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకోగలదు. ఈనాటి మెష్ రూటర్లు (ఇంట్లో అక్కడక్కడా పెట్టిన పెట్టెలతో వైఫై పరిచేవి) రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో ఇస్తాయి, ఫోన్ 5ని పట్టుకుంటుంది, జత చేసే యాప్ అక్కడ తడబడుతుంది. రూటర్‌లో ‘ఐఓటీ నెట్‌వర్క్’ అనే (బల్బులు, గ్రిల్లుల వంటి పరికరాల కోసం విడిగా ఇచ్చే) సదుపాయం ఉంటే 2.4కి విడిగా ఒక పేరు పెట్టండి. లేకపోతే 5ని పది నిమిషాలు ఆపి, జత అయ్యాక తిరిగి వేయండి. భద్రత సెట్టింగు డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత గ్రిల్లులు లోపలికే రాలేవు. డబ్ల్యూపీఏ2, 3 కలిసిన మోడ్‌లోకి మార్చాలి. అతిథుల కోసం విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా కట్టడి ఉంటుంది, జత చేసేటప్పుడు దాని జోలికి పోవద్దు.

ఫోన్ వైపు చూడాల్సినవి కొన్నే. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైజెస్’ అనుమతి, అంతకుముందు వెర్షన్లలో లొకేషన్ అనుమతి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి ఇవ్వాలి. కొన్ని గ్రిల్లులు జత చేసేటప్పుడు సొంతంగా ఒక వైఫై పేరు చూపిస్తాయి. అందులో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకి జారుకుంటుంది. ఆ కాసేపు డేటా ఆపేస్తే సరిపోతుంది.

కలిసి, మళ్లీ మళ్లీ తెగిపోయే గ్రిల్‌ది చాలావరకు సిగ్నల్ బాధ. ‘నా ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయే’ అంటారు. ఫోన్ యాంటెన్నా వేరు, ఉక్కు పెట్టె వెనక కంట్రోలర్‌లో ఇరుక్కున్న చిన్న యాంటెన్నా వేరు. రూటర్ యాప్‌లో గ్రిల్ సిగ్నల్ ఎన్ని డీబీఎం (సిగ్నల్ బలం కొలత; సున్నాకు దగ్గరైన కొద్దీ మెరుగు) ఉందో చూడండి. మైనస్ 67, అంతకన్నా మెరుగైతే నిశ్చింత. మైనస్ 75 దాటితే తెగడం మొదలు, మైనస్ 80 దగ్గర నమ్మకం లేదు. స్టకో (సిమెంటు పూత) గోడల్లో పూత కింద ఇనుప జాలీ ఉంటుంది, ఇంధనం ఆదా చేసే కిటికీ అద్దాల మీద లోహపు పూత ఉంటుంది; రెండూ సిగ్నల్‌ను మింగేస్తాయి. మెష్ పాయింటును గ్రిల్ పక్కకే తెచ్చి పెట్టినంత మాత్రాన లాభం లేదు, ముందు దానికి రూటర్ సిగ్నల్ అందాలి. రూటర్‌కీ, గ్రిల్ ఉండే ప్యాటియోకీ (పెరటి అరుగు) నడుమ, ప్యాటియో వైపు గోడకు దగ్గరగా పెట్టండి.

కరెంటును చాలామంది పట్టించుకోరు. బయటి ప్లగ్గులకు జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉంటుంది; పెల్లెట్లను వెలిగించే ఇగ్నైటర్‌లో తేమ చేరితే అది ట్రిప్ అవుతుంది. అప్పుడు గ్రిల్ ఆఫ్, యాప్‌లో ‘ఆఫ్‌లైన్’. సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే ఇగ్నైటర్ వెలిగే క్షణంలో వోల్టేజీ పడి కంట్రోలర్ రీస్టార్ట్ అవుతుంది. 14 గేజ్ లేదా అంతకన్నా లావు తీగ, వీలైనంత పొట్టిగా వాడాలి.

ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఇప్పుడు చెప్పేది. మాంసం లోపల ఉండగా యాప్ తెగితే, వైఫై సరిచేద్దామని ప్లగ్ పీకకండి. యాప్ తెగినా గ్రిల్ తన పని తాను చేసుకుపోతుంది. వేడిని నడిపేది దాని మీది కంట్రోలర్. ప్లగ్ పీకితే ఫ్యాన్ ఆగిపోతుంది, నిప్పు మాత్రం ఆరదు. ఆ నిప్పు పెల్లెట్లను తోసే గొట్టం గుండా హాపర్ (పెల్లెట్లు నింపే పెట్టె) వైపు పాకవచ్చు. నిప్పుగిన్నెలో పెల్లెట్లు పోగుపడి ఉండగా తిరిగి వెలిగిస్తే, కమ్ముకున్న పొగ ఒక్కసారిగా అంటుకుని మూత ఎగరగొట్టగలదు. ఎప్పుడైనా షట్‌డౌన్ బటన్ నొక్కి, ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా ఉండాలి. వంట నడుస్తుంటే సెట్టింగులు గ్రిల్ మీది బటన్లతోనే మార్చుకోండి. చికెన్ ఉడికిందో లేదో చేతి థర్మామీటర్‌తో చూడండి, లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి. ఫర్మ్‌వేర్ (గ్రిల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా వంట లేని రోజున, గ్రిల్ చల్లగా ఉన్నప్పుడు చేసుకోవాలి.

ఇంటర్నెట్ కంపెనీ మారి కొత్త రూటర్ వస్తే పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా దానికి పెట్టండి, పెద్ద చిన్న అక్షరాలు సహా. భద్రత మోడ్ కూడా పాతదే ఉంటే గ్రిల్‌తో పాటు ఇంట్లోని బల్బులు, కెమెరాలు కూడా మళ్లీ జత చేయకుండానే వచ్చి కలుస్తాయి. సెకండ్‌హ్యాండ్ గ్రిల్ కొనేవారు, అమ్మినవారు తమ అకౌంట్ నుంచి దాన్ని తీసేశారని కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వాలి.

తయారీదారులను అడగాల్సిందీ ఒకటుంది. ‘2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే’ అన్న మాట అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇలాంటి ఇంటర్నెట్ పరికరాలకు భద్రత అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో కొనేముందే చెప్పి తీరాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమల్లో ఉంది. గ్రిల్ ఉక్కు పదేళ్లు నిలిచినా సర్వర్ మూతపడితే ఫోన్‌లోని యాప్ ఎందుకూ కొరగాదు. షాపులో గ్రిల్ చూసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: యాప్‌కి ఎన్నేళ్లు హామీ? ఇంటర్నెట్ లేకపోయినా బ్లూటూత్‌తోనో ఇంటి వైఫైతోనో నడుస్తుందా? రెండో దానికి ‘అవును’ అన్న మోడల్‌కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

— ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, డాలస్, టెక్సస్