ప్రవాసులకు పండుగ తేదీలు వేరుగా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఉగాదికి మీరు వెలువరించే పంచాంగ అనుబంధాన్ని మాలాంటి ప్రవాస కుటుంబాలు కూడా దించుకొని ఏడాది పొడవునా దగ్గర పెట్టుకుంటున్నాయి. అయితే అందులోని తిథులూ పండుగ తేదీలూ తెలుగు రాష్ట్రాల సూర్యోదయాస్తమయాలకు లెక్కకట్టినవి. విదేశాల్లో ఉన్నవారు వాటినే పట్టుకుంటే ఒక్కోసారి తిథి దాటిపోయాక పండుగ చేసుకోవలసి వస్తోంది.

2025 ఉగాదినే చూడండి. ఆ ఏడు చైత్ర శుద్ధ పాడ్యమి ప్రవేశించింది మన దేశ కాలమానం ప్రకారం మార్చి 29 శనివారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో. మరునాటి సూర్యోదయానికి పాడ్యమి ఉన్నందున మార్చి 30 ఆదివారం పండుగ అయింది. అదే క్షణానికి మేముంటున్న కాలిఫోర్నియాలో శనివారం తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. అంటే ఇక్కడ శనివారం పొద్దు పొడిచేసరికే పాడ్యమి వచ్చేసింది, ఆదివారం తెల్లవారేసరికి విదియ నడుస్తోంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం కాబట్టి అది లోకమంతటా ఒకే క్షణాన మొదలై ఒకే క్షణాన ముగుస్తుంది. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు.

ఈ సంగతి పెద్దలకు ఫోనులో నచ్చజెప్పడం అంత తేలిక కాదు. ఆ శనివారం పొద్దున, నిరుటి వేసవిలో మా అత్తగారే ఎండబెట్టి సీసాకెత్తి ఇచ్చిన వేపపువ్వుతో పచ్చడి కలుపుతూ మా ఆవిడ వీడియో కాల్ చేస్తే, "అమావాస్య పూట పచ్చడేమిటే, పేపర్లో రేపని ఉందిగా!" అని అత్తగారు కోప్పడ్డారు. ఆవిడ మాటా నిజమే, మీ పత్రికలో అలాగే ఉంది. తీరా చూస్తే ఇక్కడ శనివారం సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి హైదరాబాదులో ఆదివారం ఉదయం ఆరయింది. తేదీలు వేరైనా పాడ్యమి ఒక్కటే కనుక, వాళ్లు తలంటుకొని కూర్చునే వేళకు మా పిల్లలు ఇంకా కొత్తబట్టల్లోనే ఉన్నారు, తాతగారు చదివిన కొత్త సంవత్సర ఫలాలు ఆ పూటే విన్నారు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఒకరోజు ముందు చేసుకుంటే సరిపోతుందని కొందరు అంటుంటారు. అది కుదరదు. 2026లో ఉగాది అక్కడా ఇక్కడా మార్చి 19నే వచ్చింది. పైగా అన్ని పండుగలకూ సూర్యోదయమే ప్రమాణం కాదు. వినాయక చవితికి మధ్యాహ్నం తిథి ఉండాలి, దీపావళికి ప్రదోషం, అంటే పొద్దుగూకిన వెంటనే వచ్చే వేళ, శివరాత్రికి అర్ధరాత్రి. 2024లో అమావాస్య రెండు రోజులకు వ్యాపించి దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా అని దేశంలోనే వాదన నడిచింది గాని, న్యూయార్కులో ఆ చిక్కే లేదు. అక్కడ నవంబరు 1 ఉదయం తొమ్మిదికి ముందే అమావాస్య వెళ్లిపోయింది కనుక దీపాలు వెలిగించవలసింది 31 సాయంత్రమే. ఆ నగరంలోని ప్రభుత్వ బడులు దీపావళికంటూ మొదటిసారి ఇచ్చిన సెలవు మాత్రం నవంబరు 1న పడింది!

ఇక్కడి తెలుగు సంఘాలవారు వారాంతంలో ఉత్సవాలు జరపడాన్ని నేను తప్పుపట్టను. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే మారిషస్‌లో తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు గాని, మాకు సెలవు లేదు, నలుగురూ కూడాలంటే శనివారమే దిక్కు. అయితే ఇంట్లో ఆనాటి తిథికి చేసుకోవలసిన పండుగను కూడా ఆ సభ ఖాతాలోనే వేసేస్తే, మైకు, నృత్య ప్రదర్శనలు, భోజనాల వరుస, ఇదే ఉగాది అని పిల్లలు అనుకుంటారు. ఆఫీసుకు వెళ్లే ముందు అరగంట తీరిక చేసుకొని గుమ్మానికి తోరణం కట్టి పచ్చడి నోట్లో పెట్టడం ఏ దేశంలోనైనా సాధ్యమే. దానికి ఆ రోజు ఏదో ముందుగా కచ్చితంగా తెలియాలి.

ఇది మన శాస్త్రానికి కొత్త కూడా కాదు. దేశాంతర సంస్కారం, అంటే రేఖాంశ భేదానికి తగిన సవరణ, చేసి ఊరిని బట్టి లెక్క సరిచూసుకోవడం పంచాంగకర్తలకు ఎప్పటినుంచో తెలిసిన విద్యే. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫార్సులపై 1957లో అమల్లోకి వచ్చిన జాతీయ పంచాంగం కూడా 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా పెట్టుకున్నట్టు స్పష్టంగా చెప్పుకుంది. మీ అనుబంధంలో మాత్రం లెక్క ఏ ఊరికి కట్టారో ఒక్క ముక్క కూడా కనిపించదు.

కాబట్టి వచ్చే అనుబంధంలో ప్రవాసుల కోసం ఒక్క పుట కేటాయించవలసిందిగా కోరుతున్నాను. న్యూయార్కు, షికాగో, డల్లాస్, శాన్ హోసే, లండన్, దుబాయి, సింగపూరు, మెల్‌బోర్న్ వంటి నగరాలకు ముఖ్యమైన పండుగల తేదీ, తిథి ఆద్యంతాలు అక్కడి గడియారం ప్రకారం ఇస్తే చాలు, వారఫలాలు అక్కర్లేదు. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల విషయంలో ఆ గంట కలిపే ఇవ్వాలి. 2025లో లండన్‌లో ఉగాదీ మనతోపాటే ఆదివారం వచ్చింది, గడియారం ముందుకు జరిగిందీ ఆ ఆదివారం తెల్లవారుజామునే. దృక్ గణితమో (ఆకాశంలో కనబడే గ్రహస్థితికి సరిపోయే లెక్క) పూర్వ సిద్ధాంతమో (పాత గ్రంథాల సూత్రాల లెక్క) మీరు అనుసరించే పద్ధతిని కూడా పుట అడుగున తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక ప్రవాస పాఠకుడు,
కాలిఫోర్నియా