చెరువును బానలా తవ్వించకండి: చిన్న నీటిపారుదల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక చిన్న నీటిపారుదల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బెంగళూరులో చెరువుల పక్కనే కాపురముంటూ వాటి శుభ్రత, కాపలా, పక్షుల లెక్క చూసుకుంటున్న నివాసుల తరఫున ఈ లేఖ. కన్నడంలో అర్జీ విడిగా పంపుతున్నాం. ఈ నగరంలోని తెలుగువాళ్ళూ చదివి, తమ వీధి చివరి చెరువులో ఏం పని జరుగుతోందో అడగాలని తెలుగులోనూ రాస్తున్నాం.

మా విన్నపం ఒక్కటే. పునరుద్ధరణకు ఇచ్చే డబ్బులో నడకదారి, కంచె, దీపాల కంటే ముందు చెరువు లోపలి వాలుకూ, చెరువులోకి నీళ్ళు వచ్చి దిగే చోటుకూ ఖర్చు పెట్టండి. చెరువు బతకడం, చావడం ఆ రెండు చోట్లే తేలిపోతుంది.

మొదట వాలు సంగతి. పూడికతీత మొదలయ్యాక జేసీబీలు చెరువంతా ఒకే లోతుకు, ఒడ్డు నిట్టనిలువుగా తవ్వేస్తాయి. ఆ మట్టితో చుట్టూ కట్ట పోసి లోపలివైపు రాయి పేరుస్తారు. నిల్వ పెరిగినట్టు కాగితం మీద కనబడుతుంది. పాతకాలపు చెరువు అలా ఉండదు. వాననీరు దిగే వైపు పలచగా మొదలై, కట్ట దగ్గర, తూము పక్కన బాగా లోతవుతుంది. పక్షులకు మేత దొరికేది ఆ పలచని వైపే. ఉల్లంకి పిట్టకు తడి బురద, దాని మీద రెండు మూడు వేళ్ళ నీరు చాలు. గుడ్డికొంగకు జానెడు కావాలి. మచ్చముక్కు బాతు తల ముంచి అడుగున మేస్తుంది కాబట్టి లోతు ఒక అడుగు, అడుగున్నర మించితే దానికి అందదు. మునుగుడుకోడి, నీటికాకి మాత్రం లోతు నీళ్ళలో వేటాడగలవు. చెరువంతా మూడు మీటర్ల బాన అయితే మిగిలేవి మునుగుడుకోళ్ళు, నీటికాకులు, గూడబాతులే.

అందుకని చుట్టుకొలతలో కనీసం నాలుగో వంతు, నీరు దిగే వైపున, ఒక మీటరు లోతుకు పది మీటర్ల వాలు వదలమని టెండరులోనే రాయించండి. అక్కడ రాతి పేర్పు వద్దు. నిలువు రాళ్ళ మీదుగా తాబేలు గట్టెక్కి గుడ్లు పెట్టలేదు. పూడిక కూడా అడుగంటా ఎత్తేయకూడదు. కింది బంకమట్టి పొర తెగి మొరం బయటపడితే, ఎంత వాన కురిసినా చెరువులో నీరు నిలవదు. ఎక్కడ ఆపాలో తేల్చడానికి ముందుగా నాలుగైదు చోట్ల గుంటలు తీసి మట్టి పొరలు చూడాలి. ఒక్క రోజు పని అది.

పక్షుల గూళ్ళ కోసం చెరువులో దీవి కట్టేటప్పుడు కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఒడ్డుకు దగ్గరగా కట్టిన దీవికి వేసవిలో కుక్కలు నడిచిపోతాయి, గూళ్ళు నాశనమవుతాయి. ఒడ్డు నుంచి ముప్పై మీటర్లయినా ఎడముండి, చుట్టూ మే నెలలో కూడా మనిషి లోతు నీరుండాలి. దీవి పైభాగం మరవ (చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు) మట్టానికి మీటరు ఎత్తున ఉండాలి. పచ్చిక, పూలమొక్కలు కాదు, నల్లతుమ్మలు నాటించండి.

ఇక నీళ్ళు దిగే చోటు. చాలా చెరువుల్లో మురుగును పక్కకు మళ్ళించే కాలువ తవ్వి పని అయిపోయిందంటారు. ఆ కాలువ అడ్డుగోడ ఎత్తు ఎక్కువైతే మంచి వాననీరు కూడా చెరువును దాటిపోతుంది. తక్కువైతే, ప్లాస్టిక్ అడ్డుపడిన రోజున మురుగంతా చెరువులోకి పొర్లుతుంది. గోడతో పాటు తలుపు ఉండాలి, తలుపు తిప్పే మనిషి ఉండాలి. ఎండాకాలం తర్వాత పడే తొలి వానల్లో రాజకాలువలో (నగరంలోని పెద్ద వాననీటి కాలువలో) పేరుకున్న మడ్డి కొట్టుకొస్తుంది. దాన్ని కిందికి పోనిచ్చి, నీరు తేటపడ్డాక తలుపు చెరువు వైపు ఎత్తాలి. ఊళ్ళలో ఈ పని నీరుగంటి చూసేవాడు. నగరంలోనూ ప్రతి చెరువుకు ఒక నీరుగంటిని జీతమిచ్చి పెట్టండి. తోటమాలి కంటే ముందు కావలసిన ఉద్యోగం అది.

శుద్ధి చేసిన నీటిని నింపే చోట మధ్యలో చిత్తడి తప్పనిసరి. బెంగళూరులోని జక్కూరు చెరువు దగ్గర, రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో మొదలైన ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) నీరు జమ్ము పెరిగే చిత్తడిలోంచి చెరువుకు చేరేలా కట్టారు. మామూలు ఎస్‌టీపీ దాటాక కూడా నీటిలో నత్రజని, భాస్వరం మిగులుతాయి, గుర్రపుడెక్కకు అవే ఎరువు. చిత్తడి లోతు అడుగు నుంచి రెండడుగులు ఉండాలి. జమ్మును ఏటా కోసి బయటికి తీసుకుపోవాలి. కోయకపోతే కుళ్ళి, పీల్చిన భాస్వరాన్ని తిరిగి నీటికే ఇచ్చేస్తుంది. గుర్రపుడెక్కను తీసి ఒడ్డున పారేయడంలోనూ ఇదే నష్టం. అయితే వానాకాలంలో జమ్ము మొత్తం ఒకేసారి నరికితే నీలి బొల్లికోడి గూళ్ళు పోతాయి కనుక, ముక్కలుగా, వంతులవారీగా కోయించాలి.

చేపల చావు గురించి కూడా చెప్పాలి. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు తేలిన సంగతి మీకు తెలిసిందే. నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున కొలత అట్టడుగుకు పడిపోతుంది. మధ్యాహ్నం నమూనా తీస్తే చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టే కనబడుతుంది. జలచరాలకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. దాన్ని సూర్యోదయానికి ముందు కొలవాలని ఆదేశించండి. గాలి కొట్టే యంత్రాలను కూడా సందర్శకులున్న వేళ కాకుండా అర్ధరాత్రి నుంచి ఉదయం దాకా నడపాలి. చేపలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నేరుగా గాలి పీల్చి మురుగులోనూ బతుకుతుంది, మిగతా చేప పిల్లలను తినేస్తుంది. నిషేధం ఉన్నా చెరువుల్లో కనబడుతోంది. చేపల గుత్తేదారు ఒప్పందంలో ఈ చేప వదలకూడదనీ, పలచని వైపు వల వేయకూడదనీ, తెగిన నైలాన్ వలలు తీసేయాలనీ షరతులు పెట్టండి. ఆ వలల్లో చిక్కి మునుగుడుకోళ్ళు చస్తున్నాయి.

బఫర్ గురించి, అంటే చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన నేల గురించి, ఒక్క మాట. 75 మీటర్ల బఫర్‌ను సుప్రీంకోర్టు 2019లో కొట్టేశాక, అప్పటి మాస్టర్ ప్లాన్‌లోని 30 మీటర్లే మిగిలింది. దాన్ని తగ్గించే సవరణలు వద్దు. చిన్న చెరువుకే ఆ నేల ఎక్కువ అవసరం, దానికి వేరే రక్షణ లేదు.

వీటిలో సగం పని మేం చేయగలం. తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవడం, నెలనెలా పక్షులను లెక్కించి ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) నమోదు చేయడం, మురుగు ఏ మ్యాన్‌హోల్ నుంచి పొంగుతోందో ఫొటోతో చెప్పడం మాకు చేతనవును. మా కొలతలను తీసుకుని, వాటి మీద చర్య తీసుకునే ఇంజనీరు ఎవరో రాతపూర్వకంగా చెప్పండి. ప్రతి చెరువు డీపీఆర్‌ను (పనుల వివర నివేదికను), లోతులు చూపే పటంతో సహా, టెండరుకు నెల ముందు చెరువు గేటు దగ్గర కన్నడంలో అతికించండి.

నీరు తోడే పనులను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆపించండి, వలస పక్షులు ఉండేది అప్పుడే. మార్చి నుంచి మే వరకు, ఒక ఏడాది చెరువులో సగం, మరుసటి ఏడాది మిగతా సగం చేయిస్తే మిగిలిన సగంలో పక్షులు, చేపలు నిలుస్తాయి. ఈ వేసవి పనులకు టెండర్లు పిలవక ముందే మీ జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
బెంగళూరు చెరువుల పక్కన నివసించే తెలుగు కుటుంబాలు