మా షెడ్డులోకి ఎలుకల మందు ఎలా వచ్చిందంటే

"ఆ బోర్డింగ్‌లో కుక్కకి విషం పెట్టారట" అని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతోందని తెలిసింది. పెట్టలేదు. కానీ మా షెడ్డులో ఒక కుక్క ఎలుకల మందు తిన్న మాట నిజం. ఇన్నేళ్ళుగా మీ పిల్లల్లాంటి కుక్కల్ని, పిల్లుల్ని నా బోర్డింగ్‌లో నాకు అప్పగించి ఊళ్ళకు వెళ్తున్నారు, కాబట్టి జరిగింది నేనే చెప్తాను.

వానలు మొదలయ్యాక ఫీడ్ బస్తాల దగ్గర ఎలుకలు ఎక్కువయ్యాయి. మూడేళ్ళుగా ఒకే పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తున్నారు. ఇక్కడ మందు పెట్టకూడదు, బోన్లే పెట్టాలి అని మొదట్లోనే కాగితం మీద రాయించుకున్నాను. ఈసారి పాత మనిషి రాలేదు. కొత్త కుర్రాడు బస్తాల వెనక నాలుగు నీలం కేకులు పెట్టి, బిల్లు మీద సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు. సంతకం చేసింది నేనే. ఏం పెట్టాడో వంగి చూడలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

శనివారం సాయంత్రం ఆరున్నరకి మా దగ్గరున్న కుక్క బ్రూనో మూతికి నీలం రంగు కనిపించింది. చూస్తే ఒకటిన్నర కేకు లేదు. వెంటనే వాణ్ణి ఆటో ఎక్కించాల్సింది. నేనేమో ఆ కంపెనీకి ఫోన్ చేసి అది ఏ మందని అడిగాను. "మా వాళ్ళు మందు పెట్టరు మేడమ్" అన్నారు. కేకు నా చేతిలోనే ఉంది! ఇరవై నిమిషాలు వాదించాను. చివరికి చెత్తబుట్టలో కవరు దొరికింది. బ్రోమాడియోలోన్. ఆ కవరు పట్టుకెళ్ళడం ఒక్కటే ఆ పూట నేను చేసిన తెలివైన పని. అది చూసి డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి వాంతి చేయించారు. నీలం ముక్కలు బయటపడ్డాయి.

తిరిగొచ్చేసరికి వాడు తోక ఊపుతూ అన్నం అడుగుతున్నాడు. ఈ మందుతో వచ్చే చిక్కే అది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ని శరీరం మళ్ళీ వాడుకోనివ్వదు. ఒంట్లో ఉన్నది అయిపోయేదాకా ఏ తేడా తెలియదు. మూడో రోజో ఐదో రోజో నీరసం, దగ్గు, చిగుళ్ళు పాలిపోవడం, లోపల రక్తం కారడం మొదలవుతాయి.

వాడి యజమాని అయిన అక్క ఆ రాత్రి అరుణాచలంలో గిరిప్రదక్షిణలో ఉన్నారు. "కుక్క బాగానే ఉంది కదా, దారి మధ్యలో ఉన్నావిడని ఎందుకు కంగారు పెట్టడం, పొద్దున చెప్పు" అన్నారు మా ఆయన. నాకూ అలాగే అనిపించింది, అబద్ధం ఎందుకు. రెండుసార్లు నంబరు తీసి పక్కన పెట్టేశాను. ఆవిడ కంగారు గురించి ఆలోచిస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నా భయమంతా నా షాపు పేరు గురించే. పది నలభైకి చేశాను. అంతా విని ఆవిడ ఒకటే అడిగారు: "ఆరున్నరకి తెలిస్తే ఇప్పుడా చెప్పడం?" నా దగ్గర జవాబు లేదు.

బ్రూనో ఇప్పుడు విటమిన్ కె1 మాత్రల మీద ఉన్నాడు. నాలుగు వారాలు, గుడ్డు కలిపిన అన్నంతో. ఆపిన రెండు రోజులకి రక్తపరీక్ష. ఖర్చంతా నాదే. సగం ఇస్తామని పెస్ట్ కంట్రోల్ వాళ్ళు అన్నారు, వద్దన్నాను. మా ఆయన దృష్టిలో ఇది మొండితనం. కావచ్చు. వాళ్ళు మళ్ళీ మా గేటు లోపలికి రారు, వేరే కంపెనీ కూడా రాదు. ఫీడ్ స్టీలు డ్రమ్ముల్లోకి మారింది, కన్నాలన్నీ సిమెంటుతో పూడ్పించాను.

ఈ వారంలో చాలామంది ఫోన్ చేసి, ఇంట్లో ఇలా జరిగితే ఉప్పునీళ్ళు తాగించాలా అని అడిగారు. వద్దు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగితే అసలు వాంతి చేయించకూడదు. కవరో సీసానో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి, వాదనలు తర్వాత. పిల్లికి జ్వరమని పారాసెటమాల్ వేయకండి, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. శ్రావణమాసం కదా, ఎండుద్రాక్ష వేసిన పాయసం కుక్కకి పెట్టకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

బోర్డింగ్ సోమవారం తెరుస్తున్నాం. అడ్వాన్సు వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం అడగను. గ్రూపులో ఆ మాట రాసినాయన పిల్లికి వచ్చే వారం బుకింగ్ ఉంది, ఇంకా రద్దు చేసుకోలేదు. తీసుకురండి సార్. వచ్చినప్పుడు డ్రమ్ముల వెనక మీరే వంగి చూడండి.