ఎనిమిదో తరగతి పిల్లలకు కారణాంకాలు ఇట్ల చెప్పి చూడండి

ఎడిటర్ గారికి నమస్తే,

మా దేవరకొండ దిక్కు ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్త, ఫార్ములాలన్నీ నోటికొస్తయ్ గానీ 6ఎక్స్ ప్లస్ 9ని కారణాంకాలుగ, అంటే గుణిస్తే మళ్లా అదే వచ్చే ముక్కలుగ విడగొట్టమంటే బిక్కమొహం వేస్తరు. రెండిట్ల 3 ఉమ్మడిగ ఉంది, బయటికి తీస్తే బ్రాకెట్ల 2ఎక్స్ ప్లస్ 3 మిగుల్తది, గంతే కదా. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ప్లస్ 6 అయితే నేను అట్టముక్కలు కోయిస్త, ఎక్స్ భుజంతోని పెద్ద చతురస్రం ఒకటి, ఎక్స్ పొడవు 1 వెడల్పు పట్టీలు 5, భుజం 1 ఉన్న చిన్న చతురస్రాలు 6, అన్నీ కలిపి సందు లేకుండ దీర్ఘచతురస్రం పేర్చమంటే కాసేపు కొట్లాడుకొని పేరుస్తరు, భుజాలు చూస్తే ఎక్స్ ప్లస్ 2, ఎక్స్ ప్లస్ 3, ఇగ 2, 3 కూడితే 5 గుణిస్తే 6 అన్న సంగతి వాళ్లే పట్టేస్తరు.

ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9ని ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ అని రాసే జబ్బు మాత్రం టెన్త్ దాక పోదు. ఎక్స్ బదులు 1 పెట్టమంటే ఒక దిక్కు 10, ఇంకో దిక్కు 16 వస్తది, నవ్వుకుంట కొట్టేస్తరు.

జవాబును మళ్లా గుణించి సరిచూసుకున్నోళ్లకు పరీక్షల ఒక మార్కు పెట్టాలె, మీరు గూడ స్టూడెంట్ పేజీల బిట్లు తగ్గించి ఇసొంటి లెక్కలు వేయండి.

ఒక ట్యూషన్ సార్,
దేవరకొండ, నల్గొండ జిల్లా